గాబరాకు బిళ్ళ వచ్చిన కథ

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



గుండెదడ, అరచేతుల్లో చెమట, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్ళీ పట్టని నిద్ర, ఏ కారణమూ లేకుండానే ఏదో అయిపోతుందన్న భయం. వీటిని మనవాళ్ళు గాబరా అన్నారు, దిగులన్నారు, నరాల బలహీనత అన్నారు. మరీ విసుగెత్తినవాళ్ళు "ఆవిడకేం పనిలేదు" అని తేల్చేశారు. పేరు ఏదైతేనేం, పడేవాళ్ళకు తెలుస్తుంది ఆ బాధ. ఈ బాధకు చేతిసంచీలో వేసుకుని తిరగగలిగే బిళ్ళ ఒకటి వచ్చి డెబ్బై ఏళ్ళయింది. అది ఎలా వచ్చింది, ఎవరి చేతికి ఎక్కువగా చేరింది, చేరాక ఏం జరిగింది అన్నది ఈవేళ చెప్పుకుందాం. మందుల చరిత్ర మనకెందుకులే, అది ప్రయోగశాలల్లో వాళ్ళ గొడవ అనుకోకండి. ఈ చరిత్రలో చాలా భాగం వంటిళ్ళలోనే జరిగింది.

బిళ్ళకు ముందు ఏముండేదంటారా? లండనులో సర్ ఛార్లెస్ లోకాక్ అని ఒక డాక్టరుగారుండేవారు. విక్టోరియా రాణిగారి పురుళ్ళు పోసినాయన. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళకు వచ్చే మూర్ఛలకు పొటాషియం బ్రోమైడు గుణమిస్తోందని 1857లో ఆయన చెప్పారు. ఆ మాట పట్టుకుని బ్రోమైడు అన్ని రకాల నరాల జబ్బులకూ మందైపోయింది. కాని అది ఒంట్లోంచి తొందరగా పోయే సరుకు కాదు. రోజురోజుకూ పేరుకుని, మనిషి మందకొడిగా తయారై, ఒంటిమీద పొక్కులు లేచి, ఒక్కోసారి మతి తప్పేదాకా వచ్చేది. 1869లో క్లోరల్ హైడ్రేటు అనే నిద్రమందు వచ్చింది. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీనుంచి బార్బిటల్, దాని జాతిదే మరొకటి 1912లో ఫీనోబార్బిటోన్. మన మందుల షాపుల్లో గార్డినాల్ అంటే తెలిసినవాళ్ళుంటారు, అదే ఇది. మూర్ఛరోగానికి అది మంచి మందే, కాదనను. కాని నిద్ర కోసం వాడిన ఆ జాతి మందులతో చిక్కేమిటంటే, నిద్రపుచ్చే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ ఎడం చాలా తక్కువ. సినిమా తార మెరిలిన్ మన్రో 1962లో పోయింది ఈ జాతి మాత్రలవల్లనే.

మన దేశం సంగతి కూడా ఒక్కమాట చెప్పుకోవాలి. పిచ్చికీ నిద్రలేమికీ సర్పగంధ వేరు మన వైద్యులు ఎప్పటినుంచో వాడుతున్నదే. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అనేవాళ్ళు దీని గుణాన్ని రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటుకు ఇది పనిచేస్తుందని ఇంగ్లండు పత్రికలో ప్రకటించాకగాని పడమటి దేశాలు తల తిప్పి చూడలేదు. 1952లో స్విట్జర్లాండువాళ్ళు ఆ వేరులోంచి రిసెర్పిన్ అనే పదార్థం తీశారు, రెండేళ్ళకల్లా అమెరికా పిచ్చాసుపత్రుల్లో అది పెద్ద మందు. మన పెరటి చెట్టుకు మనం విలువ కట్టేసరికి ఎప్పుడూ ఆలస్యమే! సరే, అది తీవ్రమైన మతిభ్రమకు వాడిన మందు. మన కథలో బిళ్ళ వేరే.

ఆ బిళ్ళను కనిపెట్టినాయన ఫ్రాంక్ బర్జర్. 1913లో చెకోస్లవేకియాలో, ఆ పేరు అప్పటికింకా లేదనుకోండి, పిల్సెన్ ఊళ్ళో పుట్టాడు. యూదుడు కాబట్టి హిట్లరు సేనలు రాగానే 1938లో ఇంగ్లండుకు పారిపోవలసి వచ్చింది. యుద్ధం ముగిసే రోజుల్లో లండనులో ఒక మందుల కంపెనీలో ఆయన చేస్తున్న పని ఏమిటనుకున్నారు? పెన్సిలిన్‌ను పాడుచేసే సూక్ష్మజీవుల్ని అరికట్టే మందు వెతకడం. అలా చేసిన ఒక పదార్థం విషమా కాదా చూద్దామని ఎలుకలకిచ్చాడు. ఎలుకలు కాళ్ళూ చేతులూ వదిలేసి పడుకున్నాయి, కాని నిద్రపోలేదు. కళ్ళు తెరిచి చూస్తున్నాయి, గుండె మామూలుగానే కొట్టుకుంటోంది, భయం మాత్రం లేదు. పెన్సిలిన్ సంగతి పక్కన పెట్టి బర్జర్ దీని వెంట పడ్డాడు. ఆ మందు గుణం ఎక్కువసేపు నిలవలేదు. తర్వాత అమెరికా వెళ్ళి, 1950లో బెర్నార్డ్ లడ్విగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడితో కలిసి ఎక్కువసేపు పనిచేసేదాన్ని తయారుచేశాడు. దాని పేరు మెప్రోబమేటు.

వినడానికి చిత్రంగా ఉంటుంది, కంపెనీవాళ్ళకే దానిమీద నమ్మకం లేదు. గాబరాకు బిళ్ళ ఇస్తారా అని డాక్టర్లను అడిగిస్తే ఎక్కువమంది అక్కర్లేదన్నారు. అప్పుడు బర్జర్ కోతుల్ని పెట్టి ఒక చిన్న సినిమా తీయించాడు. మామూలుగా ఉన్న కోతులు పళ్ళు చూపించి మీదకొస్తాయి. పాత నిద్రమందు ఇచ్చినవి సోలిపోతాయి. మెప్రోబమేటు ఇచ్చినవి మెలకువగానే ఉండి పెద్దమనుషుల్లా కూర్చుంటాయి. ఆ సినిమా చూసి మరో కంపెనీ "మేమమ్ముతాం" అని ముందుకొచ్చేసరికి వీళ్ళకూ హుషారొచ్చింది. 1955 మే నెలలో మందు బజారులో పడింది. దగ్గర్లోని మిల్‌టౌన్ అనే చిన్న పల్లె పేరే పెట్టారు దానికి, స్పెల్లింగులో ఒక్క అక్షరం తగ్గించి.

ఇక చూడండి తమాషా. మందుల షాపుల ముందు "మిల్‌టౌన్ అయిపోయింది", "రేపు వస్తుంది" అని బోర్డులు! హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ తన పేరునే మిల్‌టౌన్ బెర్ల్ అని మార్చుకుంటానని టెలివిజన్లో నవ్వించేవాడు. 1956 నాటికి అమెరికాలో ఇరవై మందిలో ఒకరు ఈ మాదిరి బిళ్ళ మింగి చూసినవాళ్ళే. 1958లో డాక్టర్ల మహాసభ జరిగితే, మిల్‌టౌన్ కంపెనీ చిత్రకారుడు సాల్వడార్ డాలీకి డబ్బిచ్చి, గొంగళిపురుగు ఆకారంలో ఒక పెద్ద సొరంగం కట్టించింది. ఒక చివర గాబరా, రెండో చివర ప్రశాంతి, మధ్యలోంచి డాక్టర్లు నడిచి వెళ్ళడం. ఒక మందును అమ్మడానికి ఇంత ఆర్భాటమా అనిపిస్తుంది గాని, సరుకు అలాంటిది మరి. తిన్నగా చెప్పాలంటే మొదట్లో దీన్ని మింగినవాళ్ళలో వ్యాపారస్తులు, సినిమావాళ్ళు, మగవాళ్ళే బోలెడుమంది. ఆడవాళ్ళ వంతు తర్వాత వచ్చింది.

ఆ వంతు తెచ్చినాయన కథ ఇంకా బాగుంటుంది. లియో స్టెర్న్‌బాక్ 1908లో ఇప్పటి క్రొయేషియాలోని ఒపాతియాలో, ఒక మందుల షాపాయన కొడుకుగా పుట్టాడు. పోలండులో చదువు. యూదుడే గనక 1941లో ఆయన పనిచేసే హాఫ్‌మన్ లా రోష్ కంపెనీయే ఆయన్నీ భార్యనీ స్విట్జర్లాండునుంచి అమెరికా పంపేసింది. మిల్‌టౌన్ అమ్మకాలు చూసి రోష్‌వాళ్ళు "మనకూ అలాంటిదొకటి కావాలి, కాని అది కాకూడదు" అన్నారు. స్టెర్న్‌బాక్ తన కాలేజీ రోజుల్లో రంగుల కోసం చేసిన రసాయనాల్ని బయటికి తీసి నలభై రకాలు చేశాడు. ఒక్కటీ పనిచేయలేదు. చాలించి వేరే పని చూసుకోమన్నారు పైవాళ్ళు. 1957లో ఒకరోజు బల్ల ఖాళీ చేస్తుంటే, సహాయకుడు ఎర్ల్ రీడర్‌కు ఒక సీసాలో తెల్లటి స్ఫటికాలు కనిపించాయి. రెండేళ్ళ కిందట చేసి, పరీక్షకు పంపకుండా వదిలేసినవి. పారేసేముందు ఒకసారి చూద్దామని పంపారు. అదే లిబ్రియం! 1960లో బజారుకొచ్చింది. దానికి చెల్లెలు వేలియం, ఇంకా తక్కువ మోతాదులో ఎక్కువ గుణమిచ్చేది, 1963లో. పేటెంటు రాసిచ్చినందుకు స్టెర్న్‌బాక్‌కు ముట్టింది ఒక్క డాలరు. ఆ రోజుల్లో అలాగే రాసుకునేవారట. 2005లో, తొంభై ఏడేళ్ళ వయసులో పోయాడాయన.

ఈ మందులు ఎలా పనిచేస్తాయో ఇరవై ఏళ్ళపాటు ఎవరికీ తెలియదు. 1977లో తేలింది. మన మెదడులోనే కంగారుకు బ్రేకు వేసే పదార్థం ఒకటుంది, దాని పేరు గాబా. గాబరాకు గాబా, మన తెలుగువాళ్ళు మరిచిపోనక్కర్లేని పేరు. వేలియం ఆ బ్రేకును ఇంకాస్త గట్టిగా పడేటట్టు చేస్తుందన్నమాట. పాత నిద్రమాత్రలతో పోలిస్తే ఇది నిజంగా మేలైన మందు. వేలియం ఒక్కటే మింగి చనిపోయేవాళ్ళు అరుదు. సారాతోనో, నల్లమందు జాతి మందులతోనో కలిస్తే మాత్రం ఊపిరి ఆగిపోవచ్చు. మూర్ఛలు ఆపడానికి, ఆపరేషన్ల ముందు భయం తగ్గించడానికి, సారా మానేవాళ్ళ వణుకు తగ్గించడానికి ఈ మందు ఈనాటికీ ఆసుపత్రుల్లో ఉంది. మందును తిట్టడం నా ఉద్దేశం కాదు. అది ఎవరికి, ఎందుకు ఇచ్చారు అన్నదే అసలు ప్రశ్న.

దీన్ని డాక్టర్లకు పరిచయం చేసే ప్రకటనల వెనక ఉన్నవాడు ఆర్థర్ శాక్లర్ అనే డాక్టరు. అప్పటి వైద్య పత్రికలు తిరగేస్తే మనకు కొన్ని బొమ్మలు కనిపిస్తాయి. ఈ జాతిదే సెరాక్స్ అనే మందు ప్రకటనలో ఒక ఇల్లాలు చీపుళ్ళూ తుడుపు కర్రలూ కటకటాల్లా నిలబెట్టిన జైల్లో ఉంటుంది. ఈమెను విడిపించడం మీవల్ల కాదు గాని ఈమె ఆందోళన తగ్గించగలరు అని డాక్టరుకు సలహా. చీపురు ఇంకొకరి చేతికివ్వమని ఎవరికీ తోచలేదు చూశారా! 1970 నాటి వేలియం ప్రకటన ఒకటి ముప్పై ఐదేళ్ళొచ్చినా పెళ్ళికాని అమ్మాయిని చూపిస్తుంది. ఆమె జబ్బు అదేనట. వేలియం వచ్చిన 1963లోనే బెట్టీ ఫ్రీడన్ అమెరికా ఇల్లాళ్ళ పేరులేని వెలితి గురించి పుస్తకం రాసి, అందులో ఈ బిళ్ళలు మింగే గృహిణుల సంగతీ చెప్పింది. రోలింగ్ స్టోన్స్ పాటగాళ్ళు 1966లో "మదర్స్ లిటిల్ హెల్పర్" అని పాట కట్టారు. అమ్మకు చేదోడు అంటే బిళ్ళ అన్నమాట. మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఇంచుమించు రెండింతలమంది ఈ బిళ్ళలు వాడుతున్నారని ఆనాటి లెక్కలన్నీ చెప్పాయి. 1978లో అమెరికాలో అమ్ముడైన వేలియం బిళ్ళలు 230 కోట్లు. అప్పటి జనాభాలో పిల్లాపెద్దా అందరికీ పంచితే తలకు పది.

"ఇది పూర్తిగా నిరపాయం" అన్న మాట ఆడవాళ్ళకు ఎంత ప్రమాదమో ఈ సందులోనే మరో మందు చూపించింది. అది చెప్పకుండా ముందుకు పోలేను. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడు అనే నిద్రమందు, గాబరా మందు వచ్చింది. చీటీ లేకుండానే అమ్మారు. గర్భిణులు కూడా వేసుకోవచ్చన్నారు. వేవిళ్ళతో నిద్రపట్టని తల్లులు వేసుకున్నారు. చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడని పిల్లలు పదివేలమంది దాకా పుట్టారు. 1961 చివరకుగాని ఆ మందు బజారునుంచి పోలేదు. అమెరికాలో మాత్రం అది అమ్మకానికే రాలేదు. కారణం ఒక ఆడమనిషి. ఫ్రాన్సెస్ కెల్సీ అని, మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ శాఖలో 1960లోనే చేరిన డాక్టరు. ఆమె చేతికి వచ్చిన తొలి దరఖాస్తుల్లో ఇదొకటి. ఈ మందు వాడినవాళ్ళకు చేతులూ కాళ్ళూ తిమ్మిర్లెక్కుతున్నాయని బ్రిటిషు వైద్య పత్రికలో చిన్న లేఖ పడితే అది చదివి, మరి కడుపులో బిడ్డ మాటేమిటి అని అడిగింది. కంపెనీవాళ్ళు ఫోన్లమీద ఫోన్లు, పైవాళ్ళకు ఫిర్యాదులు. ఆమె సంతకం పెట్టలేదు. 1962లో అధ్యక్షుడు కెన్నెడీ ఆమెకు పతకమిచ్చి సన్మానించాడు.

వేలియం బిడ్డల్ని అలా చేయలేదు. దాని దెబ్బ వేరేచోట. 1961లోనే లియో హాలిస్టర్ అనే డాక్టరు ఒక పరీక్ష చేశాడు. పెద్ద మోతాదుల్లో నెలల తరబడి లిబ్రియం వాడిన పదకొండుగురికి, వాళ్ళకు తెలియకుండా, మందు ఆపి ఉత్త బిళ్ళలిచ్చాడు. పదిమందికి కొత్త బాధలు మొదలయ్యాయి, ఇద్దరికి ఫిట్సు వచ్చాయి. ఆ మాట అప్పుడు ఎవరూ అంతగా పట్టించుకోలేదు. పెద్ద మోతాదు సంగతి కదా, మామూలు మోతాదుకు ఏమీ కాదులే అనుకున్నారు. ఇళ్ళలో జరిగిందేమిటంటే, బిళ్ళ మానగానే వణుకు, నిద్రలేమి, దడ. "చూశావా, నీ జబ్బు తగ్గలేదు, మళ్ళీ వేసుకో" అనేవారు. మందు మానినందువల్ల వచ్చిన బాధను పాత జబ్బు కింద లెక్కకట్టడంలో ఎన్ని సంసారాలకు ఎన్ని ఏళ్ళు గడిచిపోయాయో! 1975లో అమెరికా ప్రభుత్వం కట్టుదిట్టం చేసింది. ఒక చీటీమీద ఆరు నెలల్లో ఐదుసార్లకు మించి మళ్ళీ ఇవ్వకూడదంది.

ఆ తర్వాత నోరు విప్పింది ఆడవాళ్ళే. 1978లో మాజీ అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్, మాత్రలకూ మద్యానికీ బానిసనయ్యానని బహిరంగంగా చెప్పి ఆసుపత్రిలో చేరింది. 1982లో అలాంటివాళ్ళ కోసం తన పేరుతో ఒక చికిత్సాలయమే తెరిచింది. 1979లో బార్బరా గోర్డన్ అనే టెలివిజను నిర్మాత తన అనుభవాన్ని పుస్తకంగా రాసింది. ఏళ్ళ తరబడి మింగిన వేలియంను డాక్టరు సలహామీద ఒక్కసారిగా మానేసి, మతి చెదిరి ఆసుపత్రుల పాలైన కథ అది. అదే ఏడు సెప్టెంబరులో అమెరికా సెనేటులో ఈ విషయంమీద విచారణ జరిగింది. జరిపించింది ఎడ్వర్డ్ కెన్నెడీ, కెల్సీకి పతకమిచ్చిన కెన్నెడీకి తమ్ముడు. వేలియం మానడానికి పడిన పాట్లు బాధితులే వచ్చి చెప్పారు.

ఇంగ్లండులో ఇదే పనికి నడుం కట్టిన డాక్టరు హెదర్ ఆష్టన్. ఈవిడ పుట్టింది మన డెహ్రాడూనులో, 1929లో. తండ్రి హ్యారీ ఛాంపియన్ మన దేశపు అడవుల్ని రకాలుగా విభజించి 1936లో గ్రంథం రాసిన అటవీ శాస్త్రజ్ఞుడు. ఆష్టన్ న్యూకాజిల్ ఊళ్ళో 1982నుంచి 1994దాకా ఈ మందులు మానేవాళ్ళ కోసం ప్రత్యేకంగా క్లినిక్ నడిపింది. ఆమె పద్ధతి పెద్ద రహస్యం కాదు. ఒంట్లో ఎక్కువసేపు నిలిచే వేలియం రకానికి మార్చి, కొద్దికొద్దిగా, వారాలూ నెలలూ పెట్టి తగ్గించడం. ఎంత తొందరగా తగ్గించాలన్నది రోగి చేతిలోనే ఉండాలంది. నేనిదంతా నా దగ్గరకొచ్చినవాళ్ళ నుంచే నేర్చుకున్నానని చెప్పేది. 1999లో రాసిన ఆమె చిన్న పుస్తకం చాలా భాషల్లోకి వెళ్ళింది. 1988కే బ్రిటిషు ప్రభుత్వ సంఘం ఈ మందులు రెండునుంచి నాలుగు వారాలకు మించి వాడవద్దని డాక్టర్లకు చెప్పింది. మొదటి బిళ్ళ మిల్‌టౌన్ జాతిని 2012లో యూరపు దేశాలు బజారునుంచే తీసేయమన్నాయి.

మరి గాబరా నిజంగా ఉన్నవాళ్ళ గతేమిటి? దానికీ ఒక కథ ఉంది, అందులో కీలకం ఒక నర్సు. 1959 ప్రాంతంలో న్యూయార్కు హిల్‌సైడ్ ఆసుపత్రిలో డోనల్డ్ క్లైన్ అనే డాక్టరు, ఉన్నట్టుండి చచ్చిపోతానన్న భయం పట్టుకునే రోగులకు ఇమిప్రమిన్ అనే దిగులు మందు ఇచ్చి చూశాడు. కొన్ని వారాలయినా రోగి ఏమీ గుణం లేదన్నాడు, చూసే డాక్టరూ లేదన్నాడు. వార్డు నర్సు మాత్రం "కాదు, రోజూ భయంతో మా గదికి పరుగెత్తుకొచ్చేవాడు, ఇప్పుడు రావడం లేదు" అంది. ఆ మాటతోనే తెలిసింది, భయం దాడి చేయడం ఒకటి, దాడి చేస్తుందేమోనన్న బెంగ ఒకటి అని. ఆ దారినే ఈనాడు ఎక్కువకాలం ఉండే ఆందోళనకు డాక్టర్లు ముందుగా ఇచ్చేవి దిగులు తగ్గించే కొత్త మందులు. అవి అలవాటుపడి ఇంకా ఇంకా కావాలనిపించేవి కావు. ఐతే గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు చూసి పనిచేయలేదని మానేస్తారు మనవాళ్ళు. మానడం కూడా డాక్టరుగారు చెప్పినట్టు మెల్లగానే మానాలి. మాట్లాడి, భయాన్ని విడమరిచి, దాన్ని ఎదుర్కోవడం నేర్పే చికిత్స కూడా మందుతో సమానంగా పనిచేస్తుంది. మన చిన్న ఊళ్ళలో అది నేర్పేవాళ్ళు దొరకడమే కష్టం.

మన దగ్గర వేలియం జాతి 1960ల చివరినుంచి కాంపోజ్ పేరుతో ఇంటింటి మాటయింది. పెళ్ళింట అలసిపోయిన అత్తగారికీ, చావింట సొమ్మసిల్లిన కోడలికీ పక్కింటావిడ తన సంచీలోంచి తీసిచ్చేది. తర్వాత ఆల్‌ప్రజొలాం వచ్చింది, గుణం తొందర, మానేటప్పటి బాధా ఎక్కువే. 2014 మార్చినుంచి ఈ మందులు మన దేశంలో ప్రత్యేక జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, షాపువాళ్ళు డాక్టరు పేరూ రోగి పేరూ మందు లెక్కా రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. ఈసారి షాపుకు వెళ్ళినప్పుడు ఆ పుస్తకంలో రాస్తున్నారో లేదో గమనించండి.

పుస్తకంలోకి ఎక్కని అమ్మకం ఒకటుంది. తెలంగాణలో కల్లు చాలదన్నప్పుడు నీళ్ళలో ఇవే మందులు కలిపి కల్లని పోయడం చాలాకాలంగా జరుగుతోంది. డయజిపాం, ఆల్‌ప్రజొలాం, దాంతోబాటు నేనిందాక గుర్తుంచుకోమన్న క్లోరల్ హైడ్రేటు. పొలంపని చేసి సాయంత్రం ఒక సీసా తాగే ఆడకూలీలకు తాము మింగుతున్నది వేలియం అని ఎలా తెలుస్తుంది? 2015 సెప్టెంబరులో నిజామాబాదు వైపు కల్తీమీద గట్టిగా దాడులు చేసి ఒక్కసారిగా ఆపేసరికి, జనం వణుకుతో, ఫిట్సుతో, అయినవాళ్ళను గుర్తుపట్టని స్థితిలో ఆసుపత్రులకు వచ్చిపడ్డారు. ఆడవాళ్ళూ ఉన్నారు, ముసలివాళ్ళూ ఉన్నారు. దయ్యం పట్టిందనుకున్న ఇళ్ళవాళ్ళూ లేకపోలేదు. ఇలాంటివాళ్ళకు డాక్టర్లు చేసే వైద్యం న్యూకాజిల్లో ఆష్టన్ చేసినలాంటిదే. ఆ జాతి మందునే కొలిచి ఇచ్చి, వణుకు తగ్గాక, రోజురోజుకూ కాస్త కాస్త తగ్గిస్తూ రావడం.